కోనసీమలో చిన్న ఇల్లు: చుట్టిల్లు, మండువా ఏం నేర్పుతాయి?

మూడు సెంట్లలో, ఏసీ అక్కర్లేకుండా, తుఫానుకు నిలిచే ఇల్లు పాత పద్ధతిలో కట్టొచ్చా అన్నది ప్రశ్న. కట్టొచ్చు, కానీ ఏ పాత పద్ధతి అన్నదే అసలు సంగతి.

రాజస్థాన్ ఇళ్ల ఫొటోలు చూసి మందపాటి గోడల మీద డబ్బు పోయకండి. అక్కడ రాత్రి చలికి గోడ చల్లబడుతుంది. మన దగ్గర రాత్రి కూడా ఉక్కపోతే, గోడ చల్లబడేదెప్పుడు? ఇక్కడ కావాల్సింది నీడ, గాలి. మండువా లోగిలి (నడుమ కప్పు లేకుండా ఖాళీ వదిలిన పాతకాలపు ఇల్లు) చేసేది అదే: ఆ ఖాళీలోంచి వేడి గాలి పైకి పోతుంది. మూడు సెంట్లలో మండువా కుదరదు. ఎదురెదురు కిటికీలు, కప్పు కింద వేడి పోయే జాలీ చాలు.

తుఫాను పాఠం చుట్టిల్లుది, అంటే గుండ్రటి పాత ఇంటిది. గుండ్రటి గోడకు మూలలుండవు, గాలి జారిపోతుంది. గుండ్రంగా కడితే మంచం ఎక్కడ వేయాలో తెలియదు (నిజమైన తలనొప్పి అది!), కాబట్టి చతురస్రంగా కట్టి, కప్పుకు నాలుగు వైపులా వాలు, 30 డిగ్రీలకు దగ్గరగా పెట్టండి. చూరు అడుగున్నర దాటొద్దు. వరండా కప్పు వేరుగా ఉండాలి, అది లేచిపోయినా ఇంటి కప్పు మిగులుతుంది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

అరుగు వరద మట్టానికి పైన. నల్లమట్టి అయితే పునాది ఇంజనీరుకే వదలండి. ఉప్పునీళ్లతో కాంక్రీటు మాత్రం కలపనివ్వకండి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది.