సముద్రపు గాలికి రిమోట్ గేటు ఆగిపోతోంది, మోటారు మార్చాలా?

భీమిలి బీచ్ రోడ్డు పక్కన, సముద్రానికి రెండు వందల మీటర్ల లోపున ఉన్న మీ ఇంటికి పెట్టించిన స్లైడింగ్ గేటు మూడో ఏడాదికే మొరాయిస్తోందని, సగం దూరం మూసుకుని మళ్లీ వెనక్కి పోతోందని, వాన పడిన రోజున అసలు కదలడం లేదని మీరు రాశారు. ఒకసారి కంట్రోల్ బోర్డు మార్చినా గుణం కనిపించలేదని, ఇప్పుడు మెకానిక్ ఇంతకంటే పెద్ద మోటారు బిగించాలంటున్నాడని కూడా చెప్పారు. నా సమాధానం ముందే చెబుతాను: ఇప్పుడే మోటారు మార్చకండి. విశాఖలో లాసన్స్ బే కాలనీ నుంచి రుషికొండ దాకా ఒడ్డునున్న ఇళ్లలో ఇలాంటి గేట్లు బాగుచేసే పనిలో నేను చాలా కాలంగా ఉన్నాను. మోటారు పోయిందని పిలిచిన చోట్ల ఎక్కువసార్లు మోటారు నిక్షేపంగా ఉంటుంది. గేటు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా తీగల చివరలకు చిలుము పట్టి ఉంటుంది.

మొదట చేయవలసిన పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ ఉంటే దాని తీగ కూడా ఊడదీసి, మోటారుతో ఇచ్చిన తాళంచెవితో క్లచ్ వదిలించి, అంటే గేటును మోటారు పట్టు నుంచి విడిపించి, చేత్తో తోయండి. అంతకుముందే రెండు చివర్లలో ఉండే స్టాపర్లు, పైన గేటును నిలబెట్టే గైడ్ రోలర్లు గట్టిగా ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి, ఎందుకంటే వెల్డింగు దగ్గర తుప్పు తినేసిన స్టాపర్ ఊడితే గేటు పట్టాల మీంచి జారి మనిషి మీద పడుతుంది. ఈ పని ఒంటరిగా చేయకూడదు, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. బాగున్న గేటు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క చేత్తో, ఒకే తీరుగా కదులుతుంది. ఎక్కడ పట్టేస్తే అక్కడ నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. మోటారు నడుస్తున్నప్పుడు సరిగ్గా అక్కడే వెనక్కి తిరుగుతుంటే సగం రోగం తెలిసినట్టే.

అలా వెనక్కి తిరగడం దానికదే లోపం కాదు. దారిలో ఏదైనా అడ్డు వస్తే భారం పెరిగిందని గ్రహించి గేటును వెనక్కి పంపే ఏర్పాటు చాలా బోర్డుల్లో ఉంటుంది. తుప్పు పట్టిన చక్రం, అడ్డంగా నిలబడిన పిల్లవాడు, ఈ రెండింటికీ తేడా ఆ బోర్డుకు తెలియదు. అందువల్ల బోర్డులో బలం పెంచే స్క్రూను తిప్పేయడం, పెద్ద మోటారు పెట్టడం, రెండూ ఆ రక్షణను పోగొట్టే పనులే. బిగుసుకున్న గేటును పెద్ద మోటారు కొన్నాళ్లు ఈడుస్తుంది, తర్వాత మోటారు ఇరుసుకున్న పళ్ల చక్రం, అంటే పినియన్, పళ్లు అరిగిపోతాయి. ఈ సలహా ఇచ్చిన మెకానిక్‌ను క్లచ్ వదిలించి గేటు తోసి చూశావా అని ఒక్క మాట అడగండి.

ఒడ్డున ఇంత త్వరగా ఇలా ఎందుకవుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో కూడా తెలుస్తుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమే చాలు. మన తీరంలో గాలి అంత పొడిగా ఉండే రోజు అరుదు గనుక ఉప్పు పేరుకున్న ఇనుము చినుకు పడకపోయినా తడిసే ఉంటుంది. ఇంకొక సంగతి చాలామంది గమనించరు: వాన తగిలే భాగం కంటే వాన తగలని భాగమే ఎక్కువ తుప్పు పడుతుంది, ఎందుకంటే వాన ఉప్పును కడిగేస్తుంది. మీ గేటుకు రోడ్డు వైపున్న కడ్డీలను, పోర్టికో స్లాబు కిందికి వచ్చే భాగాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. అడుగు చానెల్ లోపలి అంచును వేలితో గీరితే అక్కడ తుప్పు పొరలు పొరలుగా ఊడి చేతికి వస్తుంది, పైన మాత్రం రంగు బాగానే కనిపిస్తుంది. కాబట్టి గేటు అడుగు భాగాన్ని, వెనుక వైపును పది పదిహేను రోజులకొకసారి మంచినీళ్లతో కడగడం ఏ స్ప్రే కంటే మేలు. బోరునీళ్లు వాడకండి, ఒడ్డున చాలా బోర్లలో నీళ్లు ఉప్పగానే ఉంటాయి. కడిగేటప్పుడు మోటారు పెట్టె మీదికి, సెన్సర్ల మీదికి పైపు పట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక చక్రాలు. బేరింగు పక్కన ఇనుప రేకు మూత ఉంటే అది ఇక్కడ ఎక్కువ కాలం నిలవదు. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న బేరింగు అడిగి వేయించండి, పెట్టెపై నంబరు చివర 2ఆర్ఎస్ అని ఉంటుంది. చక్రం తిప్పితే గరగరమంటే దానికి నూనె పోసి లాభం లేదు, మార్చవలసిందే. పట్టా కింద కాంక్రీటుకు, ఇనుముకు మధ్య చేరిన తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పట్టాను అక్కడక్కడా పైకి లేపుతుంది. సుద్దముక్కతో గుర్తు పెట్టిన చోట పట్టా మీద పొడవాటి స్కేలు ఆనిస్తే ఆ ఉబ్బు కంటికే కనిపిస్తుంది. ఆ ముక్కను కోయించి, జింకు తొట్టిలో ముంచి తీసిన ఇనుముతో మళ్లీ వేయించాలి. కొట్లో జీఐ అని అమ్మే బోల్టులలో చాలా వాటికి ఎలక్ట్రోప్లేటింగ్ పూత మాత్రమే ఉంటుంది, అది సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లు. ముంచి తీసిన దానిపై మందాన్ని బట్టి 50 నుంచి 85 మైక్రాన్ల దాకా ఉంటుంది. మెరుస్తూ నున్నగా ఉంటే మొదటిది, కొంచెం గరుకుగా బూడిద రంగులో ఉంటే రెండోది.

గేటు పొడవునా బిగించి ఉండే, పినియన్ కదిలించే పళ్ల ర్యాక్‌కు గ్రీజు దట్టంగా పూయడం మన దగ్గర అలవాటు, కానీ బీచ్ ఇసుక ఆ గ్రీజుకు అతుక్కుని ఎమరీ కాగితంలా పినియన్‌ను అరగదీస్తుంది. బ్రష్షుతో పొడిగా శుభ్రం చేస్తే చాలు. ర్యాక్‌కు, పినియన్‌కు మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. చక్రాలు అరిగి గేటు కిందికి దిగితే ఆ సందు పోయి గేటు బరువంతా మోటారు ఇరుసు మీద పడుతుంది.

చేత్తో తోసినప్పుడు గేటు హాయిగా కదిలి, మోటారుతో తెరుచుకునేటప్పుడు కూడా ఏ ఇబ్బందీ లేక, మూసుకునేటప్పుడు మాత్రమే వెనక్కి పోతుంటే అనుమానించవలసింది చక్రాలను కాదు, రెండు స్తంభాలకు ఎదురెదురుగా బిగించిన, మధ్యలో ఏదైనా అడ్డొస్తే పసిగట్టే ఫోటోసెల్స్‌ను. చాలా గేట్లలో అవి మూసుకునేటప్పుడే పనిచేస్తాయి. వాటి నల్లటి అద్దం మీద ఉప్పు పొగమంచులా పేరుకుంటుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, తడిగుడ్డతో తుడిచి తర్వాత ఆరనివ్వాలి. అయినా సరిపోకపోతే మూత విప్పి చూడండి, చీమలు గూడు కట్టి ఉండటం సర్వసాధారణం. ఫోటోసెల్‌ను తప్పించి తీగ ముక్కతో కలిపేస్తే గేటు వెంటనే పనిచేస్తుంది, ఆ చిట్కా చెప్పేవాళ్లు మీకు దొరుకుతారు. అలా చేయించుకోకండి.

వాన రోజున మొత్తంగా ఆగిపోవడం వేరే కథ, మీ మొదటి బోర్డు కూడా ఈ కారణంగానే పోయి ఉంటుందని నా అనుమానం. మోటారు పెట్టె పైమూత నుంచి నీళ్లు వస్తున్నాయని అందరూ మూత చుట్టూ సిలికాన్ పూస్తారు, కానీ చెమ్మ ఎక్కువగా వచ్చేది కింద నుంచి. నేలలో పాతిన కాండ్యూట్ పైపు నేరుగా పెట్టె లోపలికి తెరుచుకుని ఉంటే భూమిలోని తడిగాలి, చీమలు, బల్లులు అన్నీ ఆ దారినే వస్తాయి. పగలు ఎండకు పెట్టెలోని గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక బయటి ఉప్పుగాలిని లోపలికి పీలుస్తుంది, తెల్లవారేసరికి బోర్డు మీద చెమట పడుతుంది. పెట్టె మీద ఐపీ 44, ఐపీ 54 అని రాసి ఉండేది దుమ్ము, నీళ్లు బయటి నుంచి చొరబడటం గురించే. లోపల పట్టే చెమటకు గాని ఉప్పుకు గాని అది హామీ కాదు. కాబట్టి తీగలు వచ్చే పైపు మూతిని మెత్తని సీలింగ్ పుట్టీతో మూయాలి, పెట్టె అడుగున నీళ్లు పోవడానికి ఉన్న చిన్న రంధ్రాన్ని మాత్రం మూయకూడదు. సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వచ్చేది వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నది తీసుకోండి.

బోర్డును బయటికి తీసే ముందు ప్రతి తీగ ఎక్కడిదో ఫోన్లో ఫొటో తీసుకోండి. కరెంటు ఆపిన తర్వాత కూడా కండెన్సర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది, దాన్ని డిశ్చార్జి చేయడం తెలిసిన మనిషే ఈ పని చేయాలి. పచ్చగా పట్టిన చిలుమును చాలామంది నేరుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు, కానీ ఉప్పు ఆల్కహాల్‌లో సరిగా కరగదు. ముందు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన మెత్తని టూత్‌బ్రష్షుతో ఉప్పును కడిగి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో నీటిని తరిమి, బోర్డు పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తర్వాత రిలేలు, కనెక్టర్లు, యాంటెనా బిగించే చోట టేపు అంటించి, మిగిలిన భాగం మీద తేమ తగలకుండా కాపాడే అక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్ స్ప్రే చేయిస్తే ఆ బోర్డు ఒడ్డున కూడా చాలా కాలం నిలుస్తుంది. కొత్త బోర్డుకు సైతం బిగించే ముందే ఈ పూత వేయించడం మంచిది, అయితే వారంటీ ఉంటే అమ్మినవాళ్లను ముందుగా అడగండి.

తీగలకు వచ్చేసరికి, తొడుగు ఒలిచి చూస్తే రాగి నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయాలి. కొన్నిసార్లు తొడుగు లోపల జానెడు దూరం దాకా నలుపు పాకి ఉంటుంది, అప్పుడు ఆ తీగ మొత్తాన్ని మార్చడమే నయం. తగరం పూత ఉన్న రాగి తీగ దొరికితే అదే వేయించండి. నేలలో టేపు చుట్టిన అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. వాన పడగానే ఇంట్లో, కరెంటు లీకైతే లైను ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోతుంటే ఇలాంటి అతుకే ఎక్కడో నీళ్లలో మునుగుతోందేమోనని అనుమానించాలి. గేటు లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే మాత్రం మిగతా పనులన్నిటి కంటే ముందు అది పెట్టించండి.

స్టీలు బోల్టుల విషయంలో ఒక హెచ్చరిక. 304 రకం స్టీలుకు ఒడ్డున టీ మరకల వంటి గోధుమ మచ్చలు వస్తాయి, మాలిబ్డినం కలిసిన 316 రకం మేలు. అయితే పెద్ద స్టీలు పలకకు చిన్న ఇనుప బోల్టు వేస్తే ఉప్పు తడిలో ఆ రెండు లోహాల మధ్య విద్యుత్ చర్య జరిగి బోల్టే ముందు పోతుంది. అల్యూమినియం మోటారు పెట్టెకు స్టీలు స్క్రూ వేసేటప్పుడు కూడా మధ్యలో నైలాన్ వాషరు, స్క్రూ చుట్ల మీద, అది పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు ఉండాలి. లేకపోతే మరుసటి సర్వీసు నాటికి స్క్రూ విప్పడానికి డ్రిల్లు తేవలసి వస్తుంది.

క్లచ్ వదిలించే తాళాన్ని కూడా రెండు మూడు నెలలకొకసారి తిప్పి చూస్తూ ఉండండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. తాళం ఉప్పు పట్టి తిరగక కారు బయటికి తీయలేకపోయిన ఇళ్లను అప్పుడు చూశాను. తాళంలో నూనె కాకుండా గ్రాఫైట్ పొడి వేయండి.

ఇవన్నీ చక్కబెట్టాకే మోటారు వంతు. హూమ్మని మోగి తిరగకపోతే ముందు కండెన్సర్‌ను మీటరుతో కొలిపించండి. దాని మీద రాసిన మైక్రోఫారడ్ల కంటే పది శాతానికి మించి తగ్గితే మార్చాలి, అది మోటారుతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగుకు, బాడీకి మధ్య ఇన్సులేషన్ చూపించండి. ఆ కొలతకు ముందు బోర్డు తీగలు ఊడదీయాలి, లేకుంటే బోర్డు పాడవుతుంది. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపితే మోటారును విప్పి ఆరబెట్టి మళ్లీ కొలవాలి, అప్పటికీ పెరగకపోతేనే రీవైండింగు గాని కొత్తది గాని ఆలోచించాలి. కొత్తదే కొనవలసి వస్తే పాతదాని కంటే పెద్దది అక్కరలేదు, మీ గేటు బరువుకు తగిన 24 వోల్టుల డీసీ రకం బ్యాటరీతో సహా తీసుకోండి, గేటును చివర్లలో ఆపే లిమిట్ స్విచ్ బయట స్ప్రింగుతో ఉండేది కాకుండా అయస్కాంతంతో పనిచేసేది చూడండి, బోర్డు విడిగా విశాఖలోనే దొరుకుతుందో లేదో డబ్బు కట్టే ముందే కనుక్కోండి.