అమ్మలూ, ట్యాంకు మూలకి నెట్టకు

అమ్మలూ,

మండపేట దగ్గర రైస్ మిల్లులో గాలిని నొక్కి ట్యాంకులో నింపే కంప్రెసర్ బిగించే పని నీకే ఇచ్చారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. డిప్లొమా అయ్యి ఎన్నాళ్లయిందని, అప్పుడే సొంతంగా ఆర్డరు! మీ పెద్దమ్మ వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పేసింది. నాకూ గర్వంగానే ఉంది కానీ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని పెట్టేస్తావు.

నీకు తెలిసినవి గబగబా అనేస్తాను. ఫౌండేషన్ లెవెల్ చూసుకో. మోటారుకి ఎర్తింగ్ సరిగ్గా చేయించు, బెల్టు మిషన్ అయితే గార్డు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పకు. రూములోంచి వేడి బయటికి పోయే దారి ఉంచు, మోటారు తినే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. గాలి పీల్చే వైపు ఊక దుమ్ము, తవుడు రాని చోట ఉండాలి. మిల్లు వాళ్లు ధాన్యం పైకెత్తే ఎలివేటర్ పక్కన ఖాళీ ఉంది కదా అంటారు, ఒప్పుకోకు. చవకని పీవీసీ పైపు వేద్దామంటారు, దానికి అసలే ఒప్పుకోకు. నీళ్ల పైపు పగిలితే నీళ్లు కారతాయి, గాలి పైపు పగిలితే ముక్కలెగిరి మనుషులకి గుచ్చుకుంటాయి. జీఐ (జింకు పూత ఇనుము) గానీ అల్యూమినియం గానీ వెయ్యి, వంద అడుగులకి అడుగు చొప్పున వాలు ఇవ్వు, కనెక్షన్లు పైపు పైభాగం నుంచి తియ్యి.

ఇక మన ప్రాంతంలో అసలు తలనొప్పి నీళ్లు. సార్వా నాట్లప్పుడు ఇక్కడి గాలి ఎంత తేమగా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఆ గాలిని ఏడు కేజీల ప్రెషర్‌కి నొక్కి చల్లారిస్తే అందులో తేమ నిలవదు, నీరై కిందికి దిగుతుంది. 100 సీఎఫ్ఎమ్ మిషన్, అంటే నిమిషానికి వంద ఘనపుటడుగుల గాలి పీల్చేది, ఆ రోజుల్లో గంటకి రెండు మూడు లీటర్ల నీళ్లు వదులుతుంది. బియ్యంలో నల్ల గింజలు ఏరే సార్టెక్స్ మిషన్‌కి వెళ్లే గాలి పొడిగా ఉండాలి కాబట్టి తేమ తీసే డ్రయ్యర్ పెడతావు, సరే. కానీ ట్యాంకు అడుగున చేరిన నీళ్లని ఎవరు వదలాలి? ఇది నీ కొటేషన్‌లో ఉండదు. దీని గురించే నేను ఇంత రాస్తున్నది.

నేను ఫిట్టర్‌గా చేసిన ఒక మిల్లులో, జాగా కలిసొస్తుందని ట్యాంకు తెచ్చి మూలకి నెట్టేశారు. అడుగున నీళ్లు వదిలే కుళాయి, అదే డ్రెయిన్ కాక్, గోడ వైపుకి తిరిగిపోయింది, మధ్యలో జానెడు సందు. తెరవాలంటే నేల మీద బోర్లా పడుకుని చెయ్యి దూర్చాలి, తెరిచాక తుప్పు నీళ్లు మొహం మీదే చిమ్ముతాయి. మొదట్లో రోజూ తెరిచేవారు, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత పుస్తకంలో టిక్కు మాత్రం పడేది. నైట్ షిఫ్టులో బస్తాల మధ్య పడి అలిసిపోయిన మనిషి ఆ సందులోకి ఎందుకు దూరతాడు?

ఓ భాద్రపదంలో నీళ్లు సార్టెక్స్ దాకా వెళ్లి గాలి ఊది నల్ల గింజల్ని పక్కకి నెట్టే ఎజెక్టర్లు పట్టేశాయి. నల్ల గింజలు బియ్యంలోనే వచ్చేస్తున్నాయి, బయట లారీ లోడుకి నిలబడి ఉంది, మేనేజరు కేకలు. హెల్పర్ కుర్రాడు పరిగెత్తుకెళ్లి కాక్ తిప్పబోయాడు, అది తుప్పుకి బిగుసుకుపోయి ఉంది. మిషన్ ఆపి ప్రెషర్ వదిలితే గంట పోతుంది. ఆపనివ్వలేదు. వాడు పైపు రెంచి పుచ్చుకుని బోర్లా పడుకుని బలంగా తిప్పాడు. కాక్ కదల్లేదు, దాన్ని ట్యాంకుకి పట్టి ఉన్న చిన్న పైపు ముక్క, నిపుల్, విరిగింది. తర్వాత ఆ ముక్క నేనే ఏరి చూశా, థ్రెడ్ల దగ్గర లోపలంతా తినేసి గోటికి నలిగేంత పల్చనైపోయింది.

పక్క షెడ్డులో ఉన్న మేము చప్పుడు విని వచ్చేసరికి గదంతా ఎర్ర తుప్పు పొడి. వాడు రెండు చేతులతో మొహం మూసుకుని ఉన్నాడు. కాకినాడ తీసుకెళ్లాం. ఒక కన్ను దక్కలేదు, ఇరవై నిండని పిల్లాడు. ఇప్పుడు ఊళ్లో కిళ్లీ కొట్టు నడుపుతున్నాడు, ఎడమ పక్క నుంచి పలకరిస్తే తల పూర్తిగా తిప్పితే గానీ నన్ను పోల్చుకోలేడు. ప్రెషర్ మీద రెంచి వేశాడని అందరూ వాణ్నే అన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. ట్యాంకు మూలకి నెట్టిన రోజే వాడి కన్ను పోయింది. బిగించినవాడు డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు, వాడి పేరు కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు బిగించే మనిషివి నువ్వు. అందుకే చెబుతున్నా, ట్యాంకు చుట్టూ మనిషి తిరిగే జాగా ఉంచు, గోడ పడగొట్టాల్సి వచ్చినా సరే. డ్రెయిన్ పైపు ముందుకి లాగి, కాస్త వంగితే చేతికందే చోట వాల్వు పెట్టు, నీళ్లు కాలవలోకి పోయేలా చెయ్యి. నీళ్లు దానంతటదే వదిలే ఆటో డ్రెయిన్ పెడతానంటావు, పెట్టు, కానీ అదీ చెత్తకి మూసుకుపోతుంది, పక్కనే చేతి వాల్వు ఉండాలి. ఏ నట్టు విప్పాలన్నా ముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి తాళంచెవి నీ జేబులో పెట్టుకో, ఆటోలో ఉన్న మిషన్ ప్రెషర్ తగ్గితే దానంతటదే స్టార్ట్ అవుతుంది. తర్వాత గాలి మొత్తం వదులు. గేజ్ సున్నా చూపిస్తోందని నమ్మెయ్యకు, ముల్లు ఇరుక్కుపోయిన గేజ్‌లు చాలా చూశా. డ్రెయిన్ తెరిచి గాలి రావట్లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

ట్యాంకుకీ, ప్రెషర్ మీరితే గాలి వదిలేసే సేఫ్టీ వాల్వుకీ మధ్య ఏ వాల్వూ పెట్టనివ్వకు. అది ఊరికే ఊదుతోందని ఎవడో ఒకడు మూసేస్తాడు. ట్యాంకు ప్రెషర్ టెస్టు నీళ్లతోనే చేయించు, గాలితో వద్దు. ట్యాంకు ఫెయిలైనా నీళ్లయితే అంత పేలుడు ఉండదు. 2025 దాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 31 ప్రెషర్ ట్యాంకుల గురించే, నిర్ణయించిన ప్రెషర్ దాటకూడదని అందులో ఉండేది. ఓనరు గొణిగితే ఆ మాట చెప్పు.

ఇంకోటి. సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను, ఎయిర్ గన్‌తో చున్నీ మీద దుమ్ము దులుపుకుంటున్నావు. అప్పుడే తిట్టాల్సింది, నలుగురూ ఉన్నారని ఊరుకున్నా. ఆ గాలి చిన్న గాటు దొరికితే చర్మం కిందికి వెళ్లిపోతుంది, కంట్లో చెవిలో పడితే ఇక చెప్పక్కర్లేదు. ఇంకెప్పుడూ చెయ్యకు. చున్నీ కూడా మిషన్ దగ్గరికి వద్దు తల్లీ, జడ ముడేసుకో. కళ్లద్దాలు రెండు జతలు కొని మీ నాన్నకి ఇచ్చాను, ఒకటి నీకు, ఒకటి నీతో వచ్చే హెల్పర్‌కి. వాడు పెట్టుకోకపోతే పని ఆపెయ్యి.

ఫౌండేషన్ బోల్టులు వెయ్యక ముందు ట్యాంకు పెట్టే చోటు, నేమ్‌ప్లేటు ఫోటోలు నాకు వాట్సాప్ చెయ్యి, అంకెలు కనపడేలా తియ్యి. కాంక్రీటు పోసే రోజు చెబితే రావులపాలెం బస్సెక్కి నేనూ వస్తాను.

మీ పెదనాన్న