అలమో కథ బయటికి తెచ్చిందెవరు?

"వచ్చే నెల శాన్ ఆంటోనియో వెళ్తున్నాం. అలమో చాలా చిన్నదట, పావుగంటలో అయిపోతుందట. చూడ్డం అవసరమా?" అని ఒకరు అడిగారు. అలమో అంటే అమెరికాలో, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 1836లో పెద్ద ముట్టడి జరిగిన చోటు. అవసరమే. పావుగంట కాదు, ఒక పూట పెట్టుకోండి. తొమ్మిదేళ్ళుగా ఆస్టిన్ దగ్గర ఉంటున్నాను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ అక్కడికి తిప్పాను, కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్తాను.

చిన్నదని పెదవి విరిచేవాళ్ళంతా గోల్కొండను మనసులో పెట్టుకుని వెళ్తారు. అలమో కోటగా కట్టింది కాదు. స్పెయిన్ పాదిరీలు 1718లో మొదలుపెట్టిన మిషన్, అంటే చర్చితో ఉన్న మతప్రచార కేంద్రం. 1836లో ముట్టడి జరిగేనాటికి ఆ చర్చికి సరైన పైకప్పు కూడా లేదు. ఫ్రిజ్ మాగ్నెట్ల మీదా టీషర్టుల మీదా కనిపించే ఆ చర్చి ముందుగోడ వంపు తిరిగిన నెత్తి 1850లో అమెరికా సైన్యం కట్టించింది. అంటే పోరాడి చచ్చిపోయినవాళ్ళెవరూ దాన్ని చూడలేదు. అసలు పోరు జరిగిన ఆవరణలో చాలా భాగం ఇప్పుడు మీరు ఐస్‌క్రీం తింటూ నడిచే వీధి. అది తెలియక చర్చి ముందు ఒక ఫొటో దిగి, ఊళ్ళో నది ఒడ్డున ఉండే రివర్ వాక్ పడవలకి పరిగెడతారు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ట్రిప్ ప్లాన్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది: అలమో 15 నిమిషాలు, లంచ్ బఫే గంటన్నర!

నా కళ్ళు తెరిపించింది మా నాన్న. మాది బొబ్బిలి దగ్గర పల్లె. రెండేళ్ళ కిందట చలికాలంలో నాన్న మా ఇంటికొచ్చారు. అప్పుడు మా బాబు నాలుగో తరగతి. ఇక్కడ ఆ తరగతిలో టెక్సాస్ చరిత్ర చెప్తారు, పిల్లలు అలమో బొమ్మ చేసి తీసుకెళ్ళాలి. తాతా మనవడూ వంటింటి నేల మీద పాత పేపర్లు పరుచుకుని కూర్చున్నారు. చెప్పుల పెట్టె, ఐస్‌క్రీం పుల్లలు, జిగురు. గోడలకి రంగు కావాలంటే నాన్న టీ డికాక్షన్‌లో దూది ముంచి అద్దారు. అచ్చం ఎండకి మాగిన సున్నపురాయి రంగు వచ్చింది.

పని చేస్తూ మావాడు తాతకి కథ చెప్తున్నాడు. అప్పట్లో టెక్సాస్ మెక్సికోది తాతా, ఇక్కడివాళ్ళు తిరగబడ్డారు. సాంటా అనా అనే జనరల్ పెద్ద సైన్యంతో వచ్చి చుట్టుముట్టాడు. ఫిబ్రవరి 23 నుంచి మార్చి 6 దాకా, 13 రోజులు. లోపల సుమారు 200 మంది. వాళ్ళ నాయకుడు ట్రావిస్‌కి 26 ఏళ్ళే. సాయం రండి, నేను లొంగను, విజయమో మరణమో అని ఉత్తరం రాశాడు. గొంజాలెస్ అనే ఊరి నుంచి 32 మంది మాత్రం వచ్చారు. చివరి రోజు తెల్లారకముందే సాంటా అనా సైనికులు గోడలెక్కి అందర్నీ చంపేశారు.

నాన్న దూది పక్కన పెట్టి, "అందరూ పోయారా? మరి లోపల ఏం జరిగిందో బయటికొచ్చి చెప్పిందెవరు, నాన్నా?" అని అడిగారు.

వాడి దగ్గర జవాబు లేదు. బడిలో ఇచ్చిన కాగితంలో లోపల పోరాడి పోయిన ముగ్గురి పేర్లే ఉన్నాయి: ట్రావిస్, బోవీ, క్రాకెట్. బొబ్బిలి కథని చిన్నప్పట్నుంచీ బుర్రకథల్లో రాత్రుళ్ళు కూర్చుని విన్న మనిషి మా నాన్న. కోట పడిపోయాక మిగిలినవాళ్ళ నోటి మీదే కథ బతుకుతుందని ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ప్రశ్నకి నేను కూడా తెల్లమొహం వేశాను. అప్పటికి ఏడుసార్లు చూసొచ్చాను, ఒక్కసారీ నాకు తట్టలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. సుజానా డికిన్సన్ అనే ఆవిడ చంటిబిడ్డతో బతికి బయటపడింది, ఆవిడ సంగతి కొంచెం తెలుసు. జో గురించి తెలియదు. అతను ట్రావిస్‌కి బానిస. ఉత్తరపు గోడ దగ్గర ట్రావిస్ కూలిపోవడం చూసినవాడు. ప్రాణాలతో బయటపడి, ఆ నెలలోనే కొత్త టెక్సాస్ ప్రభుత్వపు పెద్దల ముందు నిలబడి లోపల జరిగిందంతా చెప్పాడు. ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే ట్రావిస్ ఆఖరి ఘడియలు చాలావరకు అతని నోటి నుంచి వచ్చినవే. చెప్పాక ఏం చేశారో తెలుసా? ట్రావిస్ ఆస్తిలో భాగమని మళ్ళీ బానిసగానే పంపేశారు. టెక్సాస్ వేరే దేశమని ప్రకటించుకుని ఆ మార్చిలోనే రాసుకున్న రాజ్యాంగంలో, బానిసని దేశం దాటించి పంపేస్తే తప్ప, చట్టసభ ఒప్పుకోకుండా యజమాని సైతం విడుదల చెయ్యకూడదని పెట్టుకున్నారు.

1836 ఏప్రిల్ 21న శాన్ జసింటో అనే చోట టెక్సాస్‌వాళ్ళు "అలమోను మరవకండి" అని అరుస్తూ 18 నిమిషాల్లో సాంటా అనా సైన్యాన్ని ఓడించారు. సరిగ్గా ఏడాదికి, 1837లో అదే తారీఖున జో పారిపోయాడు. అతన్ని పట్టిస్తే 50 డాలర్లు ఇస్తామని పేపర్లో ప్రకటన వేయించారు. అలమోను మరవకండి అన్న దేశం, అలమోను కళ్ళారా చూసి చెప్పిన మనిషికి కట్టిన ఖరీదు అది.

ఇది ఒక తెలుగు గ్రూపులో రాస్తే, "మనం బతకడానికి వచ్చినవాళ్ళం, వాళ్ళ పాత గొడవలు మనకెందుకు" అన్నారు ఒకరు. నేను ఒప్పుకోను. మన పిల్లలు బడిలో చదివే చరిత్ర మనది కాకుండా ఎలా పోతుంది? ఇంకొకరు "అది స్వేచ్ఛ కోసం జరిగిన పోరాటం, బానిసత్వాన్ని తీసుకురాకండి" అన్నారు. సాంటా అనా 1824 నాటి రాజ్యాంగాన్ని తొక్కేసి పెత్తనమంతా రాజధానికి లాక్కున్నాడు, అది నిజం. మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేస్తే టెక్సాస్‌లో స్థిరపడ్డవాళ్ళు పట్టుబట్టి తమకి మినహాయింపు తెచ్చుకున్నారు, అదీ నిజం. రెండూ చెప్తే గోడల లోపలివాళ్ళ తెగువ ఏమీ తగ్గదు. ఒకటి దాస్తేనే కథ చిన్నదైపోతుంది.

తర్వాత శనివారం నాన్నని తీసుకెళ్ళాం. లోపల టోపీ తీయాలి అనగానే మంకీ క్యాప్ తీసేసి, వంగి బూట్ల లేసులు కూడా విప్పబోయారు. కాపలా ఆయన "అక్కర్లేదండీ" అన్నట్టు చేత్తో సైగ చేశాడు. నాన్న లేసు మళ్ళీ కట్టుకుంటూ "పోయినవాళ్ళ చోటు కదమ్మా" అన్నారు. చర్చి గోడ మీద అరచెయ్యి ఆన్చి చాలాసేపు నిలబడ్డారు.

అక్కడి నుంచి శాన్ ఫెర్నాండో కేథడ్రల్‌కి నడిచి వెళ్ళాం. మీరూ వెళ్ళండి, దగ్గరే. ఎవరినీ వదిలేది లేదన్న గుర్తుగా సాంటా అనా ఎర్రజెండా ఎగరేసింది ఆ చర్చి గోపురం మీదే. ప్రవేశం దగ్గరే ఒక రాతిపెట్టె ఉంటుంది. 1936లో లోపల తవ్వితే దొరికిన, అలమోలో చనిపోయినవాళ్ళవని చెప్పే అస్థికలు అందులో ఉన్నాయి. శవాలను కుప్పలు పోసి కాల్చేశారు కదా. ఆ బూడిదకి 1837 ఫిబ్రవరిలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేయించినవాడు హువాన్ సెగీన్. శాన్ ఆంటోనియోలోనే పుట్టి పెరిగిన మెక్సికన్, టెక్సాస్ పక్షాన పోరాడాడు. ముట్టడి మధ్యలో సాయం తెమ్మని బయటికి పంపబట్టి బతికాడు. ఆ రోజు చితాభస్మం ముందు స్పానిష్‌లో మాట్లాడాడు. తర్వాత ఊరికి మేయరయ్యాడు. కానీ కొత్తగా వచ్చి పడ్డవాళ్ళు అతని మీద ద్రోహి అని ముద్ర వేస్తే 1842లో మెక్సికోకి పారిపోవాల్సొచ్చింది. పుట్టిన గడ్డ మీదే పరాయివాణ్ణయ్యానని తర్వాత తనే రాసుకున్నాడు. నేను ఇది చెప్తుంటే నాన్న ఏమీ అనలేదు. పెట్టె ముందు చేతులు జోడించారు.

బొమ్మ బడికి వెళ్ళే ముందు రాత్రి మావాడు గోడ బయట మూడు మట్టిబొమ్మలు కొత్తగా నిలబెట్టాడు: ఒక ఆవిడ, చంకలో బిడ్డ, పక్కన జో. "వీళ్ళు కథ పట్టుకెళ్తున్నారు" అని తాతకి చెప్పాడు.

మీరు వెళ్ళేదాని గురించి: చర్చి లోపలికి టికెట్ ఉచితమే గానీ టైము ముందే బుక్ చేసుకోవాలి. పొద్దున్నే వెళ్ళండి, వేసవైతే మరీ పొద్దున్నే. చర్చి పక్కన లాంగ్ బ్యారక్ అనే పొడుగాటి కట్టడం ఉంటుంది, వదలకండి. 1908లో దాన్ని కూల్చేస్తారని అడీనా డి జవాలా అనే ఆవిడ లోపల తలుపులు బిగించుకుని మూడు రోజులు కూర్చుంది. అందులో గైడ్ ఎవరైనా కనిపిస్తే, జో గురించి చెప్పమని అడగండి.