పాత పికప్‌కి ఇంజెక్షన్ ఇంజన్: ముందు ట్యాంకు సంగతి చూడండి

ప్రశ్న: నా దగ్గర 1972 షెవ్రొలే సీ10 పికప్ ఉంది. కార్బురేటర్‌తో (పెట్రోల్‌ని గాలిలో కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలపు పరికరం) నడిచే 350 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రెండూ బాగా అరిగిపోయాయి. వాటిని తీసేసి, 2002 నాటి పికప్‌లోంచి 5.3 లీటర్ల ఇంజెక్షన్ ఇంజన్ (ఇంజెక్టర్లే పెట్రోల్‌ని చిమ్మేది), దాంతోపాటే 4ఎల్60ఈ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తెచ్చి పెడదామనుకుంటున్నాను. ఇంజన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే మౌంట్లు కుదిరితే మిగతాదంతా సులువే అంటున్నారు. నిజమేనా?

జవాబు: మౌంట్ల వరకు నిజమే. అడాప్టర్ ప్లేట్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, వాటితో ఇంజన్ పాత చోటే కూర్చుంటుంది. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ప్యాన్, ఫ్రేముకి అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌కి తగలకుండా, మరీ కిందికి వేలాడకుండా ఉండేది చూసుకుని తీసుకోండి. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

అందులో మొదటిది పెట్రోల్. మీ పాత పంపు కార్బురేటర్‌కి ఇచ్చే ప్రెషర్ ఐదారు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ఈ ఇంజన్ ఇంజెక్టర్లకి కావాల్సింది దాదాపు 58. పైగా పాత పంపుని ఇంజన్ తిప్పేది, కొత్త బ్లాకులో దానికి చోటే లేదు, కాబట్టి కరెంటు పంపు తప్పదు, అది ట్యాంకులోనే మునిగి ఉంటే చల్లగా, చప్పుడు లేకుండా ఎక్కువకాలం నడుస్తుంది. ఇక్కడే మీ బండి విషయంలో నాకు టెన్షన్. 1972 సీ10లో ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది. అంత ప్రెషర్ ఉన్న లైను మీ వీపు వెనక, యాభై ఏళ్లు దాటిన రబ్బరు పైపులతో నడపడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. వెనక సామాను పెట్టే బెడ్ కింద కొత్త ట్యాంకు పెట్టించండి, ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఇక్కడ మాత్రం వద్దు. ప్రెషర్‌కి 1999-2003 కార్వెట్ ఫిల్టర్ చాలామంది వాడతారు, ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ అందులోనే ఉంటుంది: పంపు నుంచి ఒక గొట్టం లోపలికి, ఒకటి ఇంజన్‌కి, మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగెళ్లడానికి ఇంకొకటి. రబ్బరు హోస్ ఎక్కడ వాడినా దానిమీద 30ఆర్9 అని ముద్ర ఉందో లేదో చూడండి, మామూలు కార్బురేటర్ హోస్ ఆ ప్రెషర్‌కి ఆగదు.

ఇక వైరింగ్. ఇంజన్, గేర్‌బాక్స్, కంప్యూటర్, వైర్ల కట్ట, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ ఒకే బండిలోంచి తీసుకోండి. కేబుల్ లేకుండా కరెంటుతో పనిచేసే థ్రాటిల్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే మూత) అయితే పెడల్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే బాక్సు కూడా రావాలి, అవి ఒకదానికొకటి కలవకపోతే పెడల్ తొక్కినా ఇంజన్ పలకదు. కంప్యూటర్‌లో దొంగతనం అడ్డుకునే లాక్‌ని తీయించాలి, లేదంటే ఇంజన్ అలా స్టార్టయ్యి ఇలా ఆగిపోతుంది. సిలిండర్ల పైన ఉండే హెడ్ల వెనక నుంచి ఫ్రేముకి ఎర్త్ వైర్లు, పెయింటు గీకి శుభ్రమైన ఇనుము మీద బిగించండి. తాళం తిప్పగానే పంపు రెండు సెకన్లు రొదపెట్టి ఆగుతుంది. ఆ చప్పుడు రాకపోతే ముందు ఫ్యూజు, రిలే, ఎర్త్ చూడండి.

గేర్‌బాక్స్ పొడవు వేరు కాబట్టి దాని కింది క్రాస్‌మెంబర్ జరపాలి, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే డ్రైవ్‌షాఫ్ట్ కొత్త కొలతకి చేయించాలి. ఇంజన్, గేర్‌బాక్స్ చివరిసారిగా బిగించాకే కొలవండి. స్పీడోమీటర్‌కి పాత కేబుల్ పనికిరాదు, ఎలక్ట్రానిక్ మీటరో, సిగ్నల్‌ని కేబుల్ తిప్పేలా మార్చే బాక్సో కావాలి. హెడ్ల నుంచి వచ్చే సన్నటి ఆవిరి గొట్టాన్ని మూసేయొద్దు, రేడియేటర్ పైభాగానికి కలపండి.

ప్రశ్న: ఇంత తలనొప్పి ఎందుకు, అదే 5.3 మీద కార్బురేటర్ పెట్టేస్తే?

జవాబు: పెట్టొచ్చు, కార్బురేటర్ కూర్చోబెట్టడానికి మానిఫోల్డ్ (గాలీ పెట్రోలూ సిలిండర్లకి పంచే భాగం) దొరుకుతుంది. కానీ ఇందులో పాత ఇంజన్లలోలా స్పార్క్‌ని సిలిండర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్ లేదు, స్పార్క్ కోసం ఎలాగూ ఒక కంట్రోలర్ కొనాలి. 4ఎల్60ఈ గేర్లు మార్చేది కూడా కంప్యూటరే కనుక దానికి ఇంకోటి. రెండు బాక్సులు కొని, చలిలో చటుక్కున స్టార్టయ్యే సుఖం వదులుకోవడం నాకైతే నచ్చదు. పాత మూడు గేర్ల బాక్సే ఉంచుకునేవాళ్లకి మాత్రం ఆ దారి కొంత అర్థవంతమే.