లైబ్రరీ డేటాబేస్‌లో వెతకడం నాకు ఎలా అలవాటైందంటే

ప్రాజెక్టు కోసం కాలేజీ లైబ్రరీ ఇచ్చిన ఆర్టికల్ డేటాబేస్‌లో వెతుకుతుంటే ఒకసారి వ్యాసాలు వేలల్లో వస్తున్నాయని, ఇంకోసారి ఒక్కటీ రావడం లేదని, దీన్ని నేనెలా నేర్చుకున్నానని మీరు అడిగారు. పీజీ మొదటి ఏడాది నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నిద్ర చాలకపోతే టీనేజ్ పిల్లల చదువు ఎలా దెబ్బతింటుంది అన్నది నా టాపిక్. ఆ వాక్యాన్ని అలాగే ఇంగ్లీషులో కొట్టాను. ఒక్క వ్యాసమూ రాలేదు. దీని మీద ఎవరూ పరిశోధన చేయలేదేమో, టాపిక్ మార్చుకోవాలేమో అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి లైబ్రేరియన్ మేడమ్‌ని అడిగితే ఆవిడ కీబోర్డు ముట్టుకోలేదు. ఒక తెల్లకాగితం నా ముందు పెట్టి, ఆ వాక్యంలో విషయాలు ఎన్ని ఉన్నాయో విడదీయమన్నారు. మూడు తేలాయి: నిద్ర, టీనేజర్లు, చదువు. ఒక్కోదాని కింద దానికున్న వేరే పేర్లు రాయమన్నారు. టీనేజర్ కింద అడాలసెంట్, యూత్, హైస్కూల్ స్టూడెంట్ వచ్చాయి. చదువు కింద గ్రేడ్స్, అకడమిక్ అచీవ్‌మెంట్.

ఇక వెతికేటప్పుడు, ఒకే విషయం కింద రాసిన మాటల మధ్య ఆర్ (OR) పెట్టి, అన్నిటినీ ఒక బ్రాకెట్‌లో ఉంచాలి. బ్రాకెట్‌కీ బ్రాకెట్‌కీ మధ్య యాండ్ (AND) రావాలి. ఆర్ పెట్టేకొద్దీ ఫలితాలు పెరుగుతాయి, యాండ్ పెట్టేకొద్దీ తగ్గుతాయి. వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌లోనైతే వీటిని క్యాపిటల్ అక్షరాల్లోనే కొట్టాలి. అకడమిక్ అచీవ్‌మెంట్ లాంటి జంట మాటలకు కొటేషన్ గుర్తులు పెట్టండి, లేకపోతే రెండూ విడివిడిగా ఎక్కడెక్కడివో వచ్చేస్తాయి. ఫలానా మాట ఉన్నవి వద్దని చెప్పే నాట్ (NOT) మాత్రం నేను దాదాపు వాడను. పెద్దవాళ్లు వద్దని దాన్ని పెడితే, పిల్లలనూ పెద్దలనూ పోల్చి చూసిన మంచి వ్యాసం కూడా పోతుంది. మాట చివర నక్షత్రం గుర్తు (*) పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ వస్తాయి. మరీ ముందే ఆపకండి. కళల గురించి వెతకాలని ఆర్ట్ పక్కన నక్షత్రం పెడితే ఆర్థరైటిస్, ఆర్టరీ కూడా వచ్చి కూర్చుంటాయి.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. ఆ కాగితం చూసి వెతికితే నాకు సరిపోయే వ్యాసం ఒకటి దొరికింది. సంబరంగా పీడీఎఫ్ తెరవబోతుంటే ఆవిడ ఆపి, ముందు టైటిల్ మీద నొక్కమన్నారు. వ్యాసం వివరాల పేజీ వచ్చింది. రచయితల పేర్లు, పత్రిక పేరు, అబ్‌స్ట్రాక్ట్ అనే సారాంశం, వాటి కింద చిన్న అక్షరాల్లో సబ్జెక్ట్ టర్మ్స్ అని ఒక వరుస. అందులో స్లీప్ డెప్రివేషన్ అని ఉంది. నా కాగితంలో ఆ మాటే లేదు. రచయిత దేన్ని ఏ పేరుతో పిలిచినా, డేటాబేస్ వాళ్లు ఒక విషయానికి ఒకే పేరు ఖాయం చేసుకుని దాని కింద సర్దుతారు. పబ్‌మెడ్‌లో ఈ పేర్ల జాబితాను మెష్ అంటారు. అక్కడ హార్ట్ ఎటాక్‌కి ఖాయమైన పేరు మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్, క్యాన్సర్‌కి నియోప్లాజమ్స్. అడాలసెంట్ అంటే 13 నుంచి 18 ఏళ్లవాళ్లు అని కూడా రాసి ఉంటుంది. విద్యారంగ వ్యాసాల డేటాబేస్ ఎరిక్‌లో వీటినే డిస్క్రిప్టర్స్ అంటారు. ఈ రెండింట్లోనూ వెతకడానికి డబ్బు కట్టక్కరలేదు, ముందు వాటి మీద చేయి తిప్పుకోండి.

అప్పటి నుంచి ఏ కొత్త విషయం తీసుకున్నా మొదటి గంట నేను మాటలే వెతుకుతాను. పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరికితే చాలు, దాని సబ్జెక్ట్ టర్మ్స్ నోట్స్‌లో రాసుకుని వాటితో మళ్లీ మొదలుపెడతాను. మామూలు మాటలతో వెతకడం కూడా మానను, ఎందుకంటే మరీ కొత్త వ్యాసాలకు ఈ పేర్లు ఇంకా తగిలించి ఉండకపోవచ్చు. జేస్టోర్ అనే ఇంకో డేటాబేస్‌లో వ్యాసం మొత్తం వెతుకుతుంది కాబట్టి మీ మాట ఏదో ఫుట్‌నోట్‌లో ఉన్నా ఆ వ్యాసం వచ్చేస్తుంది. అక్కడ టైటిల్ వరకే వెతికి చూడండి. పైగా చాలా పత్రికల చివరి మూడు నుంచి ఐదేళ్ల సంచికలు అందులో ఉండవు.

ఫిల్టర్ల దగ్గర రెండుసార్లు దెబ్బతిన్నాను. పూర్తి వ్యాసం అక్కడే దొరికేవాటినే చూపే ఫుల్ టెక్స్ట్ అన్న గడిలో టిక్ పెట్టడం వల్ల నాకు అన్నిటికన్నా ముఖ్యమైన వ్యాసం నెల రోజులు కనిపించలేదు. అది ఆ డేటాబేస్‌లో లేదు గానీ, మా లైబ్రరీ తెప్పించే ఇంకోదాంట్లో ఉంది. ఎక్కడా లేకపోయినా వేరే లైబ్రరీ నుంచి తెప్పించమని అడగొచ్చు. రెండోది పీర్ రివ్యూడ్, అంటే ఆ రంగం నిపుణులు పరిశీలించాకే అచ్చయ్యేవి అన్న ఫిల్టర్. అది చూసేది పత్రికను, ఒక్కో వ్యాసాన్ని కాదు. ఆ పత్రికలో అచ్చయిన సంపాదకీయం, పుస్తక సమీక్ష కూడా జల్లెడలోంచి జారి వచ్చేస్తాయి. నేను ఒక సంపాదకీయాన్ని పరిశోధన అనుకుని రిపోర్టులో పెట్టేశాను, గైడ్ చూసి తీసేయించారు.

ఇంకో సంగతి, అడ్రస్ బార్‌లో కనిపించే లింకును కాపీ చేసి దాచుకోకండి. చాలా డేటాబేస్‌లలో లాగవుట్ కాగానే అది పనిచేయదు. నేను అలా దాచుకున్న పదకొండు వ్యాసాలను మర్నాడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నాను. పేజీలో పర్మాలింక్ అని మారని లింకు ఉంటుంది, అది గానీ వ్యాసానికి శాశ్వతంగా ఇచ్చే డీఓఐ నంబరు గానీ రాసుకోండి. పక్కనే ఏ డేటాబేస్‌లో ఏ మాటలు కొట్టారో, ఏ తేదీనో కూడా రాసిపెట్టుకోండి. మీ గైడ్ తప్పకుండా అడుగుతారు.