సైకిల్‌కు మధ్య మోటారు: ముందుగా కొలవవలసినది బీబీ గొట్టం

ప్రశ్న: నేను హసన్‌పర్తిలో ఉంటూ హన్మకొండలోని పాఠశాలకు రోజూ సైకిల్ మీద వెళ్లే ఉపాధ్యాయుణ్ని. పెడళ్ల దగ్గర బిగించే మోటారు కిట్ కొనాలనుకుంటున్నాను. ఇంట్లో నాన్నగారి కాలం నాటి రాడ్ బ్రేకుల నల్ల సైకిల్, మా అబ్బాయి వాడి వదిలేసిన ఏడు గేర్ల సైకిల్ ఉన్నాయి. దేనికి బిగించవచ్చు? బిగించేటప్పుడు ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, హసన్‌పర్తి

జవాబు: గేర్ల సైకిల్‌నే ఎంచుకోండి. మీరు చెప్పిన, పెడళ్ల దగ్గర బిగించే మోటారునే మధ్య మోటారు అంటారు. అది చక్రాన్ని నేరుగా తిప్పదు. చైన్ వీల్‌ను తిప్పి, మీ కాలి బలం వెళ్లే చైన్ గుండానే తన బలాన్నీ పంపుతుంది. అందువల్ల కాజీపేట రైల్వే వంతెన వంటి ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక పెద్ద పళ్ల చక్రానికి గేరు మార్చుకుంటే, మోటారు తనకు అనువైన వేగంతో తిరుగుతూ తేలికగా లాగుతుంది. ఒకే గేరున్న సైకిల్‌కు ఈ సౌకర్యం లేదు. మోటారు నెమ్మదిగా తిరుగుతూ కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. పైగా నాన్నగారి సైకిల్‌కున్న రాడ్ బ్రేకులు మోటారు, బ్యాటరీల అదనపు బరువుతో వేగంగా వెళ్లే బండిని, ముఖ్యంగా వానలో, నమ్మకంగా ఆపలేవు. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాపాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక కొనేముందే చేయవలసిన పని ఒకటుంది. పెడళ్ల ఇరుసు దూరి ఉండే అడ్డ గొట్టాన్ని, అంటే షాపుల్లో బీబీ అనే భాగాన్ని, కొలవాలి. సాధారణంగా దొరికే కిట్లు 68 లేదా 73 మి.మీ. వెడల్పు ఉండి, లోపల మర కోసిన గొట్టానికి సరిపోయేలా తయారవుతాయి. క్రాంకు, అంటే పెడళ్లను పట్టి ఉంచే చేయి, రెండు పక్కలా ఒకే వంపు కడ్డీగా ఉన్న చౌక సైకిళ్లలో ఆ గొట్టానికి మర ఉండదు, లోపలి వ్యాసం 51 మి.మీ. దాటుతుంది, అడాప్టర్ లేకుండా మోటారు అందులో నిలవదు. వెడల్పును అంచు నుంచి అంచుకు వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలవండి, ఇరుసును పట్టి ఉంచడానికి గొట్టం రెండు చివరలా బిగించిన కప్పుల అంచులను కలుపుకోకండి.

గొట్టంలోని పాత ఇరుసును, కప్పులను విప్పేటప్పుడు కుడి కప్పుకు ఎడమ మర ఉంటుందని మెకానిక్‌కు గుర్తు చేయండి. మామూలు అలవాటు ప్రకారం తిప్పితే అది విడవడానికి బదులు ఇంకా బిగుస్తుంది, బలవంతం చేస్తే మర పాడవుతుంది. తర్వాత గొట్టం అడుగున గేరు కేబుళ్లు వెళ్లే ప్లాస్టిక్ ముక్కను చూడండి. మోటారు దానికి ఒత్తుకుంటే కేబుల్ నలిగి గేర్లు సరిగా పడవు కాబట్టి, ఆ కేబుళ్లను వేరే దారిన మళ్లించాలి. కుడివైపు మోటారు గేరు పెట్టె వెనుక చక్రానికి పోయే పైపును తాకకుండా ఉందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

ఈ పనిలో అసలు కీలకం మోటారును కదలకుండా నిలపడం. మోటారు చైన్‌ను ముందుకు లాగినప్పుడల్లా దాని ఒళ్లు ఫ్రేము కింది పైపు వైపు పైకి తిరగాలని చూస్తుంది. మధ్యలో సందు వదిలితే ప్రతి తొక్కుకూ కొంచెం కొంచెంగా కదిలి, మోటారును గొట్టానికి బిగించే ఎడమవైపు లాక్ నట్టు వదులవుతుంది. మోటారును కింది పైపుకు ఆనేలా ఉంచి, మధ్యలో దళసరి రబ్బరు ముక్క పెట్టి, ఆ నట్టు కింద ఉండే ఎడమ పక్క పళ్ల ప్లేటు గొట్టం అంచును గట్టిగా పట్టిందని చూసిన తర్వాతే నట్టు బిగించాలి. మొదటి 100 కి.మీ. లోపు మళ్లీ బిగింపు పరీక్షించుకోండి.

చైన్ మామూలు కన్నా త్వరగా అరుగుతుంది. స్టీలు స్కేలుతో ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి, దాన్ని వదిలి తర్వాతి 24వ పిన్ను మధ్య వరకు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి; అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ మార్చండి, లేకపోతే వెనుక పళ్లు కూడా పోతాయి. ఆగేముందు తేలిక గేరులోకి మారి, అదే గేరులో బయలుదేరడం అలవాటు చేసుకోండి.

36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ నిండితే 42 వోల్టులు చూపుతుంది. మన ఓరుగల్లు మే నెల ఎండలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, బడి ఆవరణలో సైకిల్ నీడన పెట్టండి. ఇల్లు చేరగానే కాకుండా బ్యాటరీ చల్లారిన తర్వాతే చార్జింగు పెట్టండి.

ప్రశ్న: 750 వాట్ల మోటారు బిగిస్తే రిజిస్ట్రేషన్ చేయించాలా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం, మోటారు అరగంట సామర్థ్యం (అరగంట పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి) 250 వాట్ల లోపు ఉండి, మీరు తొక్కడం ఆపినా, వేగం గంటకు 25 కి.మీ. చేరినా మోటారు సాయం ఆగిపోయే సైకిల్‌ను, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, మోటారు వాహనంగా పరిగణించరు. 750 వాట్లది ఈ మినహాయింపులోకి రాదు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అన్నీ వర్తిస్తాయి. తక్కువ వాట్ల కిట్ కొన్నా, ధ్రువీకరణ పత్రం ఉందా అని అమ్మేవారిని అడిగి, దాని నకలు బిల్లుతో పాటు తీసుకోండి.