మంచు బండి మా ఇంటి ముందే ఎందుకు పోస్తుంది?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. మొన్న పొద్దున్నే వాడు గంటసేపు పార పట్టి ఇంటి ముందు మంచంతా ఎత్తిపోశాడు, టీ తాగుదామని లోపలికి వచ్చాడో లేదో టౌన్ వాళ్ల బండి వచ్చి మోకాలెత్తు మంచు మళ్లీ అక్కడే పోసి పోయింది. ఇదేం పద్ధతండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: కావాలని చేసింది కాదమ్మా. బండి ముందుండే పెద్ద రేకు ఏటవాలుగా ఉండి మంచును కుడిపక్కకు తోస్తుంది, ప్రతి ఇంటి దగ్గరా దాన్ని పైకెత్తుతూ పోతే ఊరు పూర్తవదు. రోడ్డు వైపు తిరిగి నిలబడితే బండి మీకు ఎడమవైపు నుంచి వస్తుంది కదా, అటువైపు రోడ్డు అంచున కొంత మేర ముందే ఖాళీ చేసి, ఎత్తిన మంచు కుడివైపు వేయమనండి. బండి తెచ్చింది చాలావరకు ఆ ఖాళీలోనే పడిపోతుంది. రోడ్డు మీదికి మాత్రం విసరొద్దు, చాలా ఊళ్లలో జరిమానా వేస్తారు.

మంచు తీసే పని కూడా అక్కడ పంచుకున్నదే: హైవేలు రాష్ట్రానివి, కొన్ని పెద్ద రోడ్లు కౌంటీవి (మన జిల్లా లాంటిది), వీధులు టౌన్‌వి. అందుకే మెయిన్ రోడ్డు నల్లగా మెరుస్తున్నా మీ సందు తెల్లగానే ఉంటుంది. పైగా చలి సుమారు మైనస్ 9 డిగ్రీల కిందికి పోతే మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్ లాంటివి కలిపి చల్లుతారు.

ఇక పనిలో పనిగా అక్కడి రోడ్ల మీద పడే గుంతల సంగతీ చెప్తాను, మనకు వానాకాలం ఎలాగో వాళ్లకు చలి తగ్గే రోజులు అలాగ. పగుళ్లలోకి దిగిన నీళ్లు గడ్డకట్టి 9 శాతం దాకా ఉబ్బి తారును పగలగొడతాయి. చలికాలంలో వేడి తారు దొరకడం కష్టం కాబట్టి వేడి చేయకుండానే వాడే తారు మిశ్రమంతో అతుకేసి పోతారు, అది ఎక్కువ రోజులు నిలవదు. అసలు రిపేరు ఎండలొచ్చాకే.